మగ్గం గుంటలో చెమ్మ

మా అత్తగారింట్లో నేను అడుగుపెట్టిన రోజున వాకిట్లోంచి అరుగు మీదికి ఎక్కడానికి మూడు రాతి మెట్లు ఉండేవి. మూడో మెట్టు మీద ఆగమని, హారతి ఇచ్చాక కుడికాలు లోపల పెట్టమని అత్త చెప్పింది కాబట్టి నాకు బాగా గుర్తు. మా పెద్దమ్మాయి పెండ్లి నాటికి ఒక్క మెట్టే మిగిలింది. తక్కిన రెండింటినీ ఎవరూ పెకలించలేదు, దొంగలెత్తుకుపోలేదు. వాకిలే పైకి లేచి వాటిని మింగేసింది. ఆ మెట్ల మీద కూర్చుని కాపీ తాగని చుట్టం లేడు. మెట్లేమయ్యాయని అప్పటిదాకా అడిగిన మనిషీ లేడు.

ఇప్పుడు తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. వాకిలి తన కష్టం చెప్పుకోవడానికి అంతకన్నా ఏం చేస్తుంది? నోరుంటే అరిచేది. మెట్లు మింగి చూపించింది, పాపం. మేము ఎక్కడం సులువైందని సంతోషపడ్డాం.

మా పుట్టిల్లు కోవిల్‌పట్టి. మేమూ నేతవాళ్లమే, అయితే మా నాయన చిన్నప్పుడే మగ్గం వదిలి నూలు మిల్లులో పనికి చేరాడు. ఊరి చివర, నల్లరేగడిలో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడ దాన్ని కరిసల్ నేల అంటారు. ఎండాకాలంలో ఆ నేల నోరు తెరుస్తుంది. గోడకూ వాకిలికీ నడుమ చెయ్యి దూరేంత పగులు పడుతుంది. వాన పడగానే ఉబ్బి గోడను తోస్తుంది. అందుకే మా అమ్మకు దేవుడి మీద ఎంత భయమో నీళ్ల మీదా అంత భయం.

తొలి వాన రాగానే అమ్మ మమ్మల్ని లోపలికి పిలిచేది కాదు, బయటికి తరిమేది. చేతికి ఇంత ఊక ఇచ్చి వాకిట్లో చల్లమనేది. వడ్లు దంచిన ఊక నీళ్ల మీద తేలుతుంది కదా, అది ఎటు పోతే నీళ్లు అటు పోతున్నట్టు. వీధి వైపు పోతే సరి. గోడ వైపు పోతే మరునాడు వాన వెలియగానే పార తీసుకుని తనే దిగేది. గోడ దగ్గర మన్ను ఎత్తుగా పోసి, వీధి వైపు చెక్కి, నీళ్లకు వాలు చూపించేది. "సుట్టమైతే మూణ్ణాళ్లకు పోతాడు. గోడలో దూరిన నీళ్లు పోవే" అనేది. "గోడ కింద పాచి పట్టితే పార ఎత్తుకో. ఉప్పు పూసినాదంటే పరిగెత్తు." ఇదే నాకు పుట్టింటి నుంచి వచ్చిన చదువు. తెలుగు అక్షరాలు కూడా నేను పెండ్లయి పిల్లలు పుట్టాక నేర్చుకున్నవే, మా బళ్లన్నీ అరవ బళ్లు. ఊక సంగతి మాత్రం ఏ బడీ లేకుండా వచ్చింది.

విరుదునగర్లో మా అత్తగారిది నేతవాళ్ల వీధి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఆ వీధిలో ఒక వాడుక ఉంది. ఏ ఇంట్లో శుభకార్యం వచ్చినా, పందిరి వేసే ముందురోజు దాయాదుల ఇళ్ల ఆడవాళ్లు తలా ఒక గంప ఎర్రమన్ను తెచ్చి ఆ వాకిట్లో పోస్తారు. దాన్ని పందిరి మన్ను అంటారు. గంప తేని ఇంటిమీద అలక, తక్కువ తెచ్చిన ఇంటిమీద గుసగుసలు. ఒకసారి పోసిన మన్నును మళ్లీ బయటికి ఎత్తకూడదు. "ఇంటికి వచ్చిన లచ్చిమిని పారతో ఎత్తి వీదిలో ఏస్తారా?" అని అత్త అడిగేది. ఆ మాటకు ఎదురు చెప్పగల మగవాడు ఆ వీధిలో పుట్టలేదు.

మన్ను పోసి ఊరుకుంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. నేతవాళ్లు కదా, మన్నును కూడా పడుగును చూసినట్టే చూస్తారు. తెల్లవారుజామున మగ్గానికి ఎక్కించే పడుగు పోగులు సాగదీసేది ఆ వాకిట్లోనే. నేల ఎగుడుదిగుడుగా ఉంటే పోగులు ఒకవైపు వదులు, ఒకవైపు బిగువు. అందుకని పందిరి మన్ను పోయగానే మా మామ ఈ చివర నుంచి ఆ చివరకు నూలు పోగు లాగి కట్టి, దానికి సరిగ్గా నేలను కొట్టి సమం చేసేవాడు. పని అయ్యాక అరచేత్తో నిమిరి చూసుకుని మురిసిపోయేవాడు. ఇంటి నుంచి వీధికి తాతల నాడు పెట్టిన వాలు ఇట్లా ఒక్కో పెండ్లికి కొంచెం కొంచెంగా మాయమైంది. వాకిలి నీళ్లు వీధిలోకి పోయే మూల జలదారి పూడిపోయి, దాని మీద గడ్డి మొలిచింది. మా వీధివాళ్ల కంటికి సమంగా ఉన్నదే అందం. నీళ్లకు సమం గిట్టదన్నది వాళ్లకు తట్టలేదు.

ఆ వాకిట్లో పడిన పందిరి మన్నులో ఎక్కువ పాలు మా వదినెది. మా ఇంటాయనకు అక్క. మామకు తొలి బిడ్డ, ఒక్కతే కూతురు, అందుకని ఆమె పెండ్లికి గంపలు చాలవని బండి కట్టి మన్ను తోలించాడట. అంత మన్ను పోయించిన పెండ్లి నాలుగేళ్లు కూడా నిలవలేదు. భర్త జబ్బు చేసి పోతే వదినె పుట్టింటికి తిరిగి వచ్చింది. పిల్లలు లేరు. వచ్చిన కొత్తలో ఆమె ఇంట్లో ఏ మూల కూర్చోవాలో తెలియక తిరుగుతుంటే, మామ ముందు గదిలో, వాకిలి వైపు కిటికీ కింద, నేల తవ్వి మగ్గం గుంట చేసి ఇచ్చాడట. ఇదంతా నేను రాకముందు మాట. నేను వచ్చేసరికి ఆమె గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపల పెట్టి, పేక నూలు చుట్టిన నాడె అటూ ఇటూ విసురుతూ నేస్తూ ఉంది.

ఆ గుంట ఆమె సొంత ఊరు. నేత అయిపోయినా అక్కడినుంచి లేచేది కాదు. అన్నం అక్కడే, కాపీ అక్కడే, కూరగాయలు తరగడం అక్కడే. టీవీ చూడాలన్నా కాళ్లు గుంటలోనే ఉంచి నడుము మాత్రం తిప్పేది. ఎవరైనా వచ్చి "పైకి వచ్చి కూర్చోక్కా" అంటే, "నా ఇల్లు ఇదే" అని నవ్వేది. ఒకసారి నాతో మాత్రం నవ్వకుండా చెప్పింది. "తమ్ముని ఇంట్లో నేను తిండి తింటా ఉండాననుకోవద్దమ్మీ. నా మగ్గం నాకు పెడతా ఉండాది." నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆ మాట నాకు పొగరుగా తోచింది. తర్వాత తర్వాత అర్థమైంది, ఆ మనిషి తల ఎత్తుకుని నిలబడింది ఆ గుంటలో కాళ్లు పెట్టుకునే అని.

ఆ రోజుల్లో నేను ఆ ఇంట్లో ఊక చల్లింది ఒక్కసారే. మా మరిది పెండ్లి అయిన ఏడు, ఐప్పసి నెల వానల్లో. కొత్తగా పోసిన పందిరి మన్ను మీద నీళ్లు ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి. చూస్తూ ఊరుకోలేక వంటింట్లోంచి గుప్పెడు ఊక తెచ్చి చల్లాను. ఊక కాసేపు దిక్కు తెలియనట్టు తిరిగింది. ఆ తర్వాత మెల్లగా కదిలి ఇంటి వైపు వచ్చి, వదినె కిటికీ కింద గోడ అంచున గుమిగూడింది.

లోపలికి పోయి మామకు చెప్పాను. ఆయన మంచివాడే, కోపం చేసుకోలేదు. నవ్వాడు. "కోవిల్‌పట్టి పిల్లకు కరిసల్ బయం ఇంకా పోలేదు. ఇది ఎర్రనేలమ్మా, ఎంత పోసినా తాగేస్తాది." అందరూ నవ్వారు. వదినె మరీ నవ్వింది. "మన కోడలు ఊక చల్లి జోసెం చెప్తాది, రండి" అని పక్కింటివాళ్లను కూడా పిలిచింది. ఆ తర్వాత చాన్నాళ్లు ఆ వీధిలో నా పేరు ఊక జోసెం. నాకు రోషం వచ్చింది. ఇక ఈ ఇంట్లో ఊక పట్టుకుంటే నా చెప్పుతో నన్ను కొట్టుకోవాలని అనుకున్నాను. అప్పటికి మామ అన్నదీ నిజమే. నేల తాగింది. రెండు రోజుల్లో గోడ ఆరిపోయింది.

కాలం గడిచింది. మామ పోయాడు, అత్త పోయింది. మా పెద్దమ్మాయి పెండ్లి కుదిరింది. మా ఇంటాయనకు వాకిలి అంతా సిమెంటు చేయించాలని ముచ్చట పుట్టింది. "మాపిళ్ల ఇంటోళ్లు మన్ను తొక్కుకుంటా లోపలికి వస్తారా?" అన్నాడు, పెండ్లికొడుకువాళ్లను తలుచుకుని. సిమెంటు వేసినా వాడుక వాడుకే కదా. ముందు దాయాదుల ఆడవాళ్లు గంపలతో వచ్చి పందిరి మన్ను పోశారు, దాని మీద కంకర, దాని మీద సిమెంటు. రెండో మెట్టు అప్పుడే పోయింది. మేస్త్రి మట్టం చూసే నీళ్ల పైపు పెట్టుకుని వచ్చాడు గానీ, వదినె దాన్ని నమ్మలేదు. నేల మీద బోర్లా పడుకున్నంత పని చేసి, ఒక కన్ను మూసి, వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. "బాగుండాది. పడుగు పరుచుకోవచ్చు, అంత సమంగా ఉండాది" అని తీర్పు చెప్పింది. పెండ్లికి వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిశాను, ముగ్గు వేయడానికి అంతకన్నా మంచి నేల దొరకదు.

సిమెంటు నీళ్లు తాగదు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసిన సంగతే సమయానికి గుర్తు రాకపోవడం మనుషుల జబ్బు. ఆ ఏటి వానలకు వాకిట్లో నీళ్లు నిలిచేవి, వాన వెలిశాక కంటికి ఆనని వాలున మెల్లగా గోడ అంచుకు చేరేవి. మా ఇంటాయన చీపురుతో తోసేవాడు. తోసినంత సేపు వీధి వైపు పోయేవి, చీపురు ఎత్తగానే వెనక్కి వచ్చేవి. దాన్ని కూడా మేము విడ్డూరంగా చూశాం గానీ విచారంగా చూడలేదు.

తర్వాతి ఎండాకాలంలో ఆ మాయ జరిగింది. మాయ అనే అనుకున్నాం.

విరుదునగర్ ఎండలో నూలు ఎండి పుల్లలవుతుంది. నాలుగు సార్లు నాడె విసిరితే ఒక పోగు తెగుతుంది. నేతవాళ్లకు చిత్తిరై, వైకాసి నెలలంటే పోగులు ముడివేసుకుంటూ తిట్టుకునే నెలలు. గుంటలో నీళ్లు చిలకరిస్తారు, మగ్గం పక్కన తడి గుడ్డలు ఆరేస్తారు. గుంటలో చెమ్మ ఉంటే పోగు మెత్తబడి సాగుతుంది, తెగదు. అసలు మగ్గాన్ని గుంటలో పెట్టే ఉపాయంలోనే ఆ చలువ కూడా ఉంది. ఆ ఎండాకాలం వదినె ఒక్క చెంబు నీళ్లు చిలకరించలేదు. పోగు తెగలేదు.

"ఈ ఏడు పోగు తెగనే లేదమ్మీ" అని వచ్చి చెప్పింది, చిన్నపిల్లలాగా. "గుంటలో కాళ్లు పెడితే ఏసీలో పెట్టినట్టు ఉండాది." నన్ను లాక్కుపోయి గుంటలో చెయ్యి పెట్టించింది. నిజమే, మన్ను చల్లగా, మెత్తగా, పిండి తడిపినట్టు ఉంది. వీధిలో తక్కిన మగ్గాలవాళ్లు కూడా వచ్చి చేతులు పెట్టి చూశారు. ఒకాయన పైకి మెచ్చుకుని లోపల కుళ్లుకుంటూ పోయాడు. దిష్టి తగులుతుందని వదినె గుంట మూల ఒక నిమ్మకాయ కట్టింది. శుక్రవారం శుక్రవారం గుంటకు కర్పూరం చూపించేది. చచ్చిపోయిన నాయనే కాళ్ల కింద చల్లగా ఉన్నాడని ఒకరోజు అంది. అంటూ కళ్లు తుడుచుకుంది.

ఆమె అట్లా అన్నాక నేను ఏం చెప్పను?

గోడ కింద పాచి నాకు కనబడుతూనే ఉంది. బయట కిటికీ కింద పచ్చగా సన్నటి గీత. లోపలి వైపు, సున్నం మీద తెల్లటి పొడి, వేలితో రాస్తే నాలుక మీద ఉప్పగా తగిలేది. ముందుగది తలుపు ఉబ్బి గడపకు బిగుసుకునేది, భుజంతో తోస్తే గానీ తెరుచుకునేది కాదు. అమ్మ చెప్పిన గుర్తులన్నీ వచ్చి వరసగా నిలబడ్డాయి. నేను వాటిని చూసి ముఖం తిప్పుకున్నాను. ఎవరికి చెప్పినా మళ్లీ ఊక జోసెమే అవుతుంది. వదినెకు చెబితే ఆమె సంతోషం మీద నీళ్లు పోసినట్టవుతుంది. ఎవరికి తెలుసు, నేతవాళ్ల ఇంట్లో చెమ్మ మంచిదే కాబోలు అని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఆ రోజుల్లోనే మా అమ్మ కోవిల్‌పట్టి నుంచి చూడడానికి వచ్చింది. సంచి నిండా మా ఊరి వేరుశనగ కడలమిఠాయి తెచ్చింది. చెప్పులు విడుస్తూనే మెట్టు వైపు చూసింది. "మూడు మెట్లుండె గదే" అంది. అన్నేళ్లలో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. తర్వాత తిన్నగా కిటికీ కిందికి పోయి గోడకు అరచెయ్యి ఆనించి, చాలాసేపు అట్లాగే నిలబడింది.

లోపలికి వచ్చి వదినెతో మెల్లగానే చెప్పింది. "వాకిలి ఇంటిమీదికి వాలినాది తల్లీ. ఆ సిమెంటు పగలగొట్టి, మన్ను తీసి, వీది పక్కకు వాటం పెట్టుకోండి. గోడ తాగతా ఉండాది."

వదినె నాడె ఆపలేదు. "గోడ తాగితే తాగనీ అత్తా, నా నూలు కూడా తాగతా ఉండాది. పోగు తెగేది లేదు, చూడు." అమ్మ ఇంకా నిలబడే ఉందని చూసి, "మిల్లోళ్లకు మగ్గం గుంట సంగతి ఏం తెలుస్తాదిలే" అంది.

మా అమ్మ ముఖం చిన్నబోయింది. మగ్గం వదిలేసినవాళ్లమని వియ్యాలవారి ఇంట్లో మాకు ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం బస్సెక్కించడానికి పోయినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఆమె కోపగించినా సరే, నువ్వు విడవద్దు" అంది. సరేనన్నాను. బస్సు కదిలేదాకా సరే సరే అంటూనే ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి వదినె నా కోసం కాపీ కాచి పెట్టి ఉంది. అన్న మాటకు నొచ్చుకుందని తెలుస్తూనే ఉంది. ఆ కాపీ తాగి ఆమెతో గోడ గురించి మాట్లాడడం నాకు చేతకాలేదు. మరునాడు చూద్దాం అనుకున్నాను.

గోడ మొదట్లో సున్నం పెళ్లలుగా రాలడం మొదలైంది. మా ఇంటాయన దానికి చక్కగా సిమెంటు పూయించాడు. మట్టిగోడకు సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక గోడలోనే కూర్చుంటుందని తర్వాత మేస్త్రి చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకు ఆయన చెప్పాకే తెలిసింది. పైకి మాత్రం గోడ కొత్తదానిలా ఉండేది. ఉప్పు కనబడలేదు, పాచి కనబడలేదు. మగ్గం తొక్కుడు పలకల తాళ్లకు బూజు పట్టింది, వదినె కొత్త తాళ్లు కట్టుకుంది. కాలివేళ్ల సందుల్లో పుండ్లు పడ్డాయి, పసుపు నూనె రాసుకుంది. "వయసు అయినాది గదా" అనేది. కాళ్లు చెమ్మలో నానుతున్నాయని ఆమెకూ తట్టలేదు, పోగు తెగడం లేదన్న సంబరంలో.

మార్గళి నెలలో, ఇక వానలు అయిపోయాయి అనుకున్నాక, ఆ పెద్దవాన పట్టుకుంది. తూత్తుకుడి దాకా నీళ్లే నీళ్లని టీవీలో చూపిస్తున్నారు. అక్కడ ఉప్పు కొటార్లలో పనిచేసే చుట్టాలకు ఫోన్లు కలవలేదు. మా వీధికి అంత ఆపద లేదు. వీధిలో నీళ్లు వచ్చినవి వచ్చినట్టే పల్లానికి పోయాయి. నీరు పల్లమెరుగు అంటారు. మా వాకిలికి మాత్రం పల్లం ఎటో తెలియదు, దానికి తెలిసిన పల్లం మా గోడే.

మూడో రోజు పొద్దున వదినె మగ్గం దగ్గరికి పోతే గుంటలో పిక్కల దాకా నీళ్లు. ఆమె భయపడలేదు, చెంబుతో తోడి పోసింది. తోడేకొద్దీ ఊరుతున్నాయి. చివరికి అడుగున రెండు ఇటుకలు వేసుకుని, వాటి మీద పాదాలు పెట్టి నేయడానికి కూర్చుంది. సగం అయిన చీర మగ్గం మీద ఉంది. వంగపండు రంగు, పసుపు అంచు. నేను వంటింట్లోంచి పిలిచాను.

"వదినే, కాపీ ఆరిపోతా ఉండాది. రా."

"ఇదో, ఈ అంచు పోగు సరిచేసి వస్తా."

మళ్లీ పిలిచాను, ఈసారి విసుగ్గా. అంత నీళ్లలో కూర్చుని ఏం నేస్తావు, లే అన్నాను. సణుక్కుంటూ లేచి వచ్చింది. గ్లాసు చేతికి అందుకుని రెండు గుక్కలు తాగిందో లేదో, ముందుగదిలో బియ్యం మూట జారినట్టు ఒక మెత్తటి చప్పుడు. పెద్ద చప్పుడు కూడా కాదు. పోయి చూస్తే కిటికీ కింది గోడ మొదలు నుంచి కరిగి, కిటికీతో సహా లోపలికి కూర్చుంది. మగ్గం దాని కింద ఉంది. గోడ పోయిన చోట నుంచి వాకిలి కనబడింది, సమంగా, నీళ్లతో నిండి.

ఆ విసుగు నాకు రాకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలచుకోను. మనిషి దక్కింది, దేవుడు చల్లగా చూశాడు అని వీధి వీధంతా అంది. నేనూ దండం పెట్టాను. వదినె మాత్రం గ్లాసు పట్టుకుని గడపలో నిలబడిపోయింది. ఏడవలేదు. మా ఇంటాయన మన్ను తోడడానికి దిగితే ఒక్కటే మాట అంది. "పడుగు కొయ్యద్దురా. మెల్లగా తియ్యి. కొయ్యద్దు."

కొయ్యక తప్పలేదు. కిటికీ దూలం కింద దారాలు నలిగి మన్నులో కలిసిపోయాయి. మా ఇంటాయన కత్తి తీసుకుంటే ఆమె లోపలికి వెళ్లిపోయింది.

వాన వెలిశాక మేస్త్రి వచ్చి చూసి, ఇటుకగోడ పునాది నుంచి కట్టాలన్నాడు. గోడ పక్కనే గుంట ఉంటే పునాది నిలవదు, పూడ్చాలన్నాడు. వేరే గదిలో గుంట తవ్వుకుందాం అని మా ఇంటాయన అన్నాడు గానీ, మగ్గం సామాను విరిగిపోయింది. ఆ పని తెలిసిన వడ్రంగి మా పక్క మిగల్లేదు. చుట్టుపక్కల అంతా మరమగ్గాల చప్పుడే. వదినె అందరి మాటలూ విని, "పూడ్చండి" అంది. అంత సులువుగా అనేసింది.

ముందు వాకిలి దించాలి. సిమెంటు పగలగొట్టారు. దాని కింద మన్ను తీయబోతే అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పందిరి మన్ను బయటికి ఎత్తకూడదు కదా. అత్త లేదు, అడగడానికి. చివరికి వదినే గంప తెచ్చి పట్టింది. "ఎత్తండి" అంది.

తవ్వుతుంటే ఒక్కో పెండ్లి ఒక్కో రంగులో బయటపడింది. మా అమ్మాయిది గులకరాళ్ల మన్ను. మరిదిది పసుపు కలిసిన ఎరుపు. మాది కొంచెం నల్లగా, ఆ ఏడు ఎక్కడి మన్ను దొరికితే అది తెచ్చారట. అన్నిటికన్నా అడుగున, పూడిపోయిన తొలి మెట్టుకు ఆనుకుని, మందంగా ముదురెర్ర మన్ను. వదినె కూర్చుని దాన్ని గుప్పిట్లోకి తీసుకుంది.

"ఇది నాది" అంది. "నాయన బండి కట్టించినాడు గదా, ఇది నాదే."

ఆమె ఆ మన్ను ఒక గంప నింపి, మేము అడ్డుపడేలోగా లోపలికి మోసుకుపోయి గుంటలో పోసింది. "లచ్చిమిని వీదిలో ఏసేది వద్దు. ఇందులో పొయ్యండి" అంది. ఆమె పెండ్లి మన్ను గుంటలో సగానికి వచ్చింది. మిగతా సగం మా అందరి పెండ్లిళ్లతో నిండింది. ఇంకా మిగిలినదాన్ని పెరట్లో గోడకు దూరంగా పోశాం.

ఇప్పుడు వాకిలి గోడ దగ్గర ఎత్తుగా, వీధి వైపు పల్లంగా ఉంది. పదడుగులకు జానెడు వాలు. పూడిపోయిన జలదారి తెరుచుకుంది. మూడు మెట్లూ బయటికి వచ్చాయి, అడుగు మెట్టు ఇంకా నిన్న చెక్కినట్టే ఉంది. ముగ్గు వేస్తే గీతలు కొంచెం జారినట్టు కనబడతాయి, అలవాటు పడ్డాను. ఇదంతా మా అమ్మ చూడలేదు. ఆ వానల ముందే పోయింది. చూసి ఉంటే గోడకు అరచెయ్యి ఆనించి, తల ఊపేది. ఆమె ఒక్క పారతో ఒక పూటలో చేసే పని ఇది. మేము ఒక మగ్గాన్ని పూడ్చి చేసుకున్నాం.

ఈ ఏడు తొలి వాన మధ్యాహ్నం పూట వచ్చింది. నా ఒట్టు నేనే పక్కన పెట్టి ఊక తెచ్చి చల్లాను. గోడ దగ్గర పడిన ఊక ఒక్క క్షణం కూడా ఆగకుండా వీధి వైపు కదిలి, జలదారిలో దూరి వెళ్లిపోయింది. నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, గర్వం కూడా వేసింది.

"వదినే, ఊక చూడు, ఎట్ల పోతా ఉండాదో" అని కేక పెట్టాను.

ఆమె ముందుగదిలోంచి కొత్త కిటికీలో చూసింది. "పోతా ఉండాది" అంది. "మీ అమ్మ చెప్పినట్టే." ఆ తర్వాత నేను ఇచ్చిన కాపీ గ్లాసు పట్టుకుని, అలవాటుగా, కిటికీ కింద కూర్చోబోయింది. అక్కడ ఇప్పుడు టైల్సు. గుంట అంచు ఉన్నచోటనే సరిగ్గా కూర్చుంది. మోకాళ్లు ముడిచింది, కుదరలేదు. పక్కకు పెట్టుకుంది, కుదరలేదు. ఇన్నేళ్లు కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్న మనిషి. చివరికి రెండు కాళ్లూ ముందుకు చాపి, పిల్లలు కూర్చున్నట్టు కూర్చుని, నా వైపు చూసి నవ్వబోయింది.

"అమ్మీ, ఈ కాళ్లు ఎక్కడ పెట్టుకునేది?"